పండుగ చూసొద్దాం, పండుగ చేయడం నేర్చుకొద్దాం



ప్రపంచంలో చూడదగ్గ వింత పండుగల గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. మీలో చాలామంది ఫోన్లో టమాటాల పండుగ చూసే ఉంటారు. స్పెయిన్ దేశంలో బున్యోల్ అనే చిన్న ఊరు. ఏటా ఆగస్టు చివరి బుధవారం వీధుల్లో నిలబడి ఒకరి మీద ఒకరు టమాటాలు విసురుకుంటారు. మన వైపు మిరపకాయలతో ఆ ఆట ఆడితే ఏమవుతుందో కోతలకు వెళ్లొచ్చిన చేతులకు బాగా తెలుసు. నవ్వుకోండి, కానీ ఒక సంగతి గమనించండి. జనం మరీ ఎక్కువైపోతుంటే ఆ ఊరివాళ్లు 2013 నుంచి టికెట్ పెట్టి, 20,000 మందికి మించి రానివ్వకుండా హద్దు గీశారు. పండుగకు ఎంతమంది రావాలో ఊరే చెప్పింది.

ఏ పండుగకు వెళ్లినా ఒక ప్రశ్న జేబులో పెట్టుకుని వెళ్లండి. ఈ పండుగ ఎవరి చేతిలో ఉంది? తేదీ ఎవరు పెడుతున్నారు, ఖర్చు ఎవరు భరిస్తున్నారు, ముందు ఎవరు నడుస్తున్నారు? ఈ మూడూ చూస్తే ఆ పండుగ ఆరోగ్యం తెలిసిపోతుంది.

దూరం వెళ్లక్కర్లేదు, మన దగ్గర నుంచే మొదలుపెడదాం. కార్తీక అమావాస్యకు కారంపూడి వెళ్లండి. పల్నాటి వీరుల ఉత్సవాలు ఐదు రోజులు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. యుద్ధంలో చనిపోయినవాళ్ల ఆయుధాలకు పూజ చేస్తారు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడనే చాపకూడు ఆచారాన్ని ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు. అంటరానితనం పాటించే రోజుల్లో అది ఎంత పెద్ద మాటో మీకు వేరే చెప్పక్కర్లేదు.

శివరాత్రికి నరసరావుపేట పక్కన కోటప్పకొండ ఉండనే ఉంది. ఊరూరా ప్రభలు కడతారు. వెదురు, కర్ర, రంగుల గుడ్డలు, విద్యుత్ దీపాలతో తాడిచెట్టును మించిన ఎత్తున లేపి తిరునాళ్లకు తెస్తారు. ఏ ఊరి ప్రభ ఆ ఊరి చందాతోనే లేస్తుంది. మా ఊరి ప్రభ అని చెప్పుకోవడంలో ఉన్న గర్వమంతా అక్కడి నుంచే వస్తుంది.

కర్నూలు వైపు వెళ్తే అహోబిలం పారువేట. కనుమ నాడు మొదలై నలభై రోజులకు పైగా స్వామి పల్లకీ ఊళ్లు తిరుగుతుంది. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడు కాబట్టి చెంచులు అమ్మాయి తరఫువాళ్లు. బయలుదేరేటప్పుడు చెంచులు పల్లకీ మీదికి బాణాలు వేస్తారు. అల్లుడిని ఆ మాత్రం నిలదీసే హక్కు అత్తింటివాళ్లకు ఉంటుంది కదా. నల్లమల చెంచు తమ్ముళ్లు ఈ ఉత్సవానికి చూడ్డానికి వెళ్లినవాళ్లలా వెనక నిలబడొద్దు. అక్కడ మీకు చోటుంది.

ఇక మేడారం. ములుగు జిల్లా తాడ్వాయి మండలం. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి సమ్మక్క సారలమ్మ జాతర. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది. కరువులో కప్పం కట్టలేమని కాకతీయ సైన్యాన్ని ఎదిరించిన తల్లీబిడ్డల కథ అది. కొడుకు జంపన్న ప్రాణం విడిచిన సంపెంగ వాగే జంపన్న వాగు అయింది. అక్కడ విగ్రహం ఉండదు. మొదటి రోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది. రెండో రోజు చిలకలగుట్ట నుంచి కుంకుమభరిణె రూపంలో సమ్మక్కను తెస్తారు. అప్పుడు పోలీసులు గాలిలోకి తుపాకులు పేల్చి స్వాగతం చెబుతారు. రాజు సైన్యంతో పోరాడిన అడవిబిడ్డకు ప్రభుత్వ తుపాకీ వందనం చేస్తుందన్నమాట. భక్తులు తమ బరువుకు సరిపడా బెల్లం తూచి ఇస్తారు, దాన్ని బంగారం అంటారు. 1996లో రాష్ట్ర పండుగగా గుర్తించారు. ఏర్పాట్లు ప్రభుత్వానివి, పూజలు మాత్రం కోయ పూజారులవే. వాళ్లు అడుగు ముందుకేస్తేనే జాతర కదులుతుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ నాగోబా జాతర. పుష్య అమావాస్యకు జరుగుతుంది. గోండుల్లో మెస్రం వంశంవాళ్ల పండుగ. ముందుగా వాళ్లు కాలినడకన గోదావరికి వెళ్లి కలశంలో నీళ్లు తెస్తారు. ఆ నీళ్లతోనే నాగోబాకు అభిషేకం. వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను దేవుడి ముందు పరిచయం చేస్తారు, దాన్ని భేటింగ్ అంటారు. కోడలికి వంశమంతా సాక్ష్యం. 1940లో కొమరం భీం వీరమరణం తర్వాత, గోండుల బాధలు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్ దొర ఈ జాతరలోనే దర్బారు పెట్టించాడు. ఇప్పటికీ అధికారులు అక్కడికే వచ్చి అర్జీలు తీసుకుంటారు. మామూలుగా మనమే కాగితం పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరుగుతాం, అక్కడ ఆఫీసే జాతరకు వస్తుంది. ఇంకో మాట. 2022 డిసెంబరులో ప్రారంభించిన కొత్త గుడిని మెస్రం కుటుంబాలు సొంత చందాలతో కట్టుకున్నాయి. ఖర్చు కోట్లలోనే అయింది. వాళ్లలో ఎక్కువమంది మనలాంటి పత్తి రైతులే.

ఇప్పుడు మన సంగతి. బయటివాళ్లు వింత అనే జాబితా రాస్తే మన తీజ్ కూడా అందులో ఉంటుంది. శ్రావణంలో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను పోసి, గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పూటపూటా నీళ్లు పోసి, పాటలు పాడి మొలకలు పెంచుతారు. చివరి రోజు ఆ మొలకలు తలపాగాల్లో పెట్టి, మిగతావి నీళ్లలో కలుపుతారు. మరి మన తండాల్లో ఆ తొమ్మిది రోజులు ఎవరి చేతిలో ఉన్నాయి? పిల్లలు హాస్టళ్లలో, కాలేజీల్లో ఉంటారు. తండ్రులొచ్చి పాపను తీజ్‌కు పంపండి మేడమ్ అంటారు. పరీక్షలు పెట్టుకుని తొమ్మిది రోజులు పంపడం వార్డెన్‌గా నా వల్ల కాదు. దాంతో కొన్ని తండాల్లో తీజ్ ఒక సాయంత్రం డీజే పాటలకు కుదించుకుపోయింది. చదువూ కావాలి, తీజూ కావాలి. ఒకదాని కోసం రెండోది వదులుకోమని నేను ఎవరికీ చెప్పను.

దారి ఉంది. తీజ్ తేదీ పెట్టేది తండా నాయక్, పెద్దలు. పంచాంగం మన మెడ మీద కూర్చోలేదు. చివరి రెండు రోజులూ శని, ఆదివారాలకు గానీ కృష్ణాష్టమి సెలవుకు గానీ వచ్చేలా ముందే తేదీ పెట్టమని మీరే అడగండి. మొదటి ఏడు రోజులు తండాలో ఉండే చిన్నపిల్లలు, వాళ్ల వెనక నాయనమ్మలు బుట్టలకు నీళ్లు పోస్తారు. పెద్దపిల్లలు చివరి రెండు రోజులకు వస్తారు. తేదీ కాగితం మీద రాసి జూన్‌లోనే హాస్టల్‌కు ఇవ్వండి. ముందే చెబితే ఏ వార్డెన్ అయినా సర్దుబాటు చేస్తుంది.

రెండోది పాటలు. మన గోర్ బోలీకి సొంత లిపి లేదు. తీజ్ పాటలన్నీ వరసగా తెలిసినవాళ్లు ఎక్కువగా అరవై దాటిన ఆడవాళ్లే. పెరూ దేశంలో కుస్కో నగరంలో జూన్ 24న ఇంతి రాయ్మి అనే సూర్యుడి పండుగ చేస్తారు. 1572లో స్పెయిన్ పాలకులు దాన్ని నిషేధించారు. 1944లో మళ్లీ మొదలుపెట్టారు. మధ్యలో 372 ఏళ్లు. అయినా ఎలా చేయగలిగారు? ఇంకా రాకుమారికి పుట్టిన గార్సిలాసో అనే ఆయన తాను చిన్నప్పుడు విన్నవి, చూసినవి పుస్తకంలో రాసిపెట్టాడు కాబట్టి. మీ చేతుల్లో ఫోను ఉంది. అవ్వ అనుమతి అడిగి పాట రికార్డు చేయండి. తెలుగు అక్షరాల్లో రాయండి. ఏ రోజు, ఏ పని చేస్తూ పాడతారో పక్కనే రాయండి. ఎరుకల, యానాది పిల్లలూ మీ ఇళ్లలో ఇదే పని చేయండి. బుట్ట మళ్లీ అల్లుకోవచ్చు, పోయిన పాటను ఎవరూ అల్లలేరు.

జాతరలకు వెళ్లేవాళ్లకు చివరగా కొన్ని జాగ్రత్తలు. అప్పు చేసి వెళ్లొద్దు. కోతల ముఠా మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని అసలు వెళ్లొద్దు. ఆడపిల్లలు కనీసం నలుగురు కలిసి, ఇంట్లో చెప్పి, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో అనుకుని కదలండి. పూజారి వద్దన్న చోట ఫోను తీయొద్దు. మన అవ్వ అద్దాల పేటియాను అడక్కుండా ఫొటో తీస్తే మనకు ఎలా ఉంటుందో, వాళ్లకూ అలాగే ఉంటుంది. తాగి గలాటా చేసేవాడి వల్ల ఊరి పేరు పోతుంది.

ఫిబ్రవరి 15 సేవాలాల్ జయంతి మిరప కోతల మధ్యలోనే వస్తుంది. కూలి పోతుందని చాలామంది ఆగిపోతారు, నాకు తెలుసు. ఆ ఒక్క పూటైనా తండాలో భోగ్ దగ్గర అందరూ కలిసి నిలబడండి. అక్కడే కూర్చుని ఈ ఏడాది తీజ్‌కు బుట్టలు ఎవరు తెస్తారో, పాటలు ఎవరు రాస్తారో పేర్లతో సహా అనుకోండి.

జై సేవాలాల్.