పేరు మీద మాట్లాడుదాం, మనిషి మీద కాదు

మన సంఘ సభ్యుల్ని ఏమని పిలుచుకోవాలన్న చర్చ పొద్దటి నుంచి నడుస్తున్నది. 'తెలంగాణీయుడు' అని కొందరు, 'ముల్కీ' అని కొందరు, 'తెలంగాణవాది' అని మేం. మంచిదే. కానీ ఎదురు మాట్లాడినోన్నల్లా 'ద్రోహి' అనుడేంది?

1921లో హైదరాబాద్‌లో తెలుగుకు అవమానం జరిగితే మన పెద్దలు పెట్టుకున్న సంఘం పేరు ఆంధ్ర జనసంఘం. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షత వహించింది ఆంధ్ర మహాసభకే. వాళ్లను ద్రోహులందామా? అప్పుడు ఆ మాటకు తెలుగువాళ్లనే అర్థం. 1956 తర్వాత అదే మాట మనకు పరాయిదైంది.

'ముల్కీ' కోసం 1952లో విద్యార్థుల ప్రాణాలు పోయినయి. ఆ మాటను ఎవరూ ఎగతాళి చేయొద్దు. కానీ అది ఎక్కడ పుట్టినవ్, పదిహేనేండ్లు ఉన్నవా అని అడుగుతది. 'తెలంగాణవాది' ఏం నమ్మినవని అడుగుతది. తాత గుంటూరు నుంచి వచ్చినా, 2011 సకల జనుల సమ్మెలో జీతం పోగొట్టుకొని మనతోని కూసున్న ఉద్యోగిని ఏ పేరుతోని పిలుస్తం? మా ఓటు అందుకే దానికి. ఓడితే మీ పేరే రాసుకుంటం.

భోజనాల తర్వాత ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. 'ద్రోహి' అన్నోళ్ల మైకు బందు. ఆ తర్వాత చీటీలు.