ఒకమారు నొక్కిన రెండుమారులు పలుకు మీట

కంప్యూటరు ముందు కూర్చున్నవారు ఒక ఫైలును ఎన్నుకొనుటకై మౌసు మీటను ఒక్కమారు నొక్కుదురు. ఎన్నికతో ఆగక, ఆ ఫైలు తెరచుకొనును. ఒక పత్రమును ఒకచోటినుండి మరియొకచోటికి లాగికొనిపోవుదురు. అది నడిదారిలో జారి, కోరనిచోట పడిపోవును. దరఖాస్తు నింపి పంపుటకు ఒకమారు నొక్కుదురు. అది రెండుమారులు పోవును. పెద్దవారి చేతిలో ఇట్లు జరిగినచో “మీ చేయి వణకుచున్నది” అని పిల్లలందురు. పిల్లల చేతిలో జరిగినచో “నీకు నిదానము లేదు” అని పెద్దలందురు. పెక్కుమారులు దోషము ఈ ఇరువురిలో ఎవరిదియు కాదు, మీటది. ఆ దోషమెట్లు పుట్టునో, దానిని ఇంటనే ఎంతవరకు సరిచేసికొనవచ్చునో ఇప్పుడు విచారింతము.

మౌసు మనకు క్రొత్తగా తోచినను దాని వయస్సు తక్కువది కాదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహింపగా, బిల్ ఇంగ్లిష్ 1964లో దానిని కొయ్యపెట్టెగా నిర్మించెను. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున అది బహిరంగముగా ప్రదర్శింపబడెను. నేటి మౌసులలో చక్రములకు బదులు వెలుగు పనిచేయుచున్నది. అయినను మీట మాత్రము చాలవరకు లోహపు మీటయే.

వ్రేలితో మనము నొక్కునది పైనున్న ప్లాస్టికు రేకు. దాని అడుగున, గోరంత పరిమాణముగల చిన్న పెట్టె యొకటి కలదు. దానిని మైక్రోస్విచ్ అందురు. పెట్టె నడుమ వంపుతిరిగిన పలుచని రాగిమిశ్రమపు రేకు ఉండును. బొడిపెపై వ్రేలి బరువు పడగానే ఆ రేకు కొంతవరకు ఓర్చుకొని, ఒక హద్దు దాటగానే టక్కున క్రిందికి గెంతి, అడుగునున్న లోహబిందువును తాకును. వ్రేలు తీయగానే మరల టక్కున పైకి లేచును. మనకు వినవచ్చు “టిక్కు” అను చప్పుడు ఈ గెంతుదే.

ఇక్కడ ఒక చిక్కు కలదు. లోహము లోహమును తాకునపుడు వెంటనే కుదురుకొనదు. నేలపై విడిచిన బంతివలె ఒకటిరెండుమారులు ఎగిరిపడి, పిదప నిలుచును. ఇది సెకనులో కొన్ని వేయవవంతుల కాలములో ముగిసిపోవును. వ్రేలికి తెలియదు, చెవికిని తెలియదు. కాని కంప్యూటరునకు తెలియును. అందుచేత మౌసులోని చిన్న పరికరము మొదటి తాకుడును లెక్కించి, కొన్ని క్షణాంశములపాటు తక్కిన ఎగురుళ్ళను లెక్కింపక విడిచిపెట్టును. మీట క్రొత్తదిగా నున్నంతకాలము ఈ ఓర్పు చాలును.

కాలక్రమమున రేకు పట్టు సడలును. తాకుబిందువులు సాధారణముగా వెండివి, లేక వెండి కలిసినవి. వెండి కుంకుమభరిణె నల్లబడినట్లే అవియు మసకబారును. పెద్ద విద్యుత్తు ప్రవహించు మీటలలో ఆ మసకపొరను విద్యుత్తే ఛేదించుకొని పోగలదు. మౌసులో ప్రవహించు విద్యుత్తు బహు స్వల్పమగుటచే పొర అట్లే నిలిచిపోవును. అప్పుడు తాకుడు స్థిరముగా నుండక, ఒకసారి తెగి మరల అతుకును. ఆ తెగుట మౌసు ఓర్పుకాలమును మించినచో, కంప్యూటరు దానిని రెండవ నొక్కుగా గ్రహించును. పాత రేడియోలో ధ్వనిని పెంచు బొత్తామును త్రిప్పినపుడు గరగర చప్పుడు వచ్చుట శ్రోతలలో అనేకులు వినియే యుందురు. అదియు లోపలి తాకుడు చెడుటవలన వచ్చినదే. ఈ రెండు రుగ్మతలును దగ్గరి చుట్టములు.

మీట ఆయుర్దాయమును తయారీదారులు నొక్కుల లెక్కలో చెప్పుదురు. కోటి నొక్కుల మీట అనుకొందము. దినమునకు 5,000 నొక్కులు పడినచో అది 2,000 దినములకు, అనగా సుమారు అయిదున్నర సంవత్సరములకు, లెక్క పూర్తిచేసికొనును. దుమ్మును, తేమయు ఆ గడువును ఇంకను తగ్గింపవచ్చును.

చికిత్సకు ముందు రోగనిర్ణయము అవసరము. ఏదైన వ్రాతపత్రమును తెరచి, ఒక మాటపై బాణపు గుర్తునుంచి, నిదానముగా ఒక్కమారు నొక్కుడు. వ్రాతగీత మాత్రమే అక్కడ నిలిచినచో నొక్కు ఒకటి. మాట మొత్తము రంగుపట్టులో చిక్కినచో నొక్కులు రెండు. రెండేసి సెకనుల ఎడమిచ్చి ఇరువదిమారులు ఇట్లు చేసిచూడుడు. పిదప కంప్యూటరు అమరికలలో కుడిమీటను ప్రధానమీటగా మార్చి, అదే పరీక్షను కుడిమీటతో చేయుడు. కుడిమీట సరిగా పలికినచో దోషము ఎడమమీటదని తేలినట్లే, చేతిది కాదు. మౌసును వేరొక కంప్యూటరునకు తగిలించి చూచుటయు మంచిది. తీగలేని మౌసయినచో ముందు బ్యాటరీ మార్చిచూడవలెను. ఒక్క నొక్కుతోనే ఫైలు తెరచుకొను ఏర్పాటు కొన్ని కంప్యూటర్లలో కలదు. అది పొరపాటున అమలులో నున్నదేమో కూడ చూచుకొనవలెను.

విండోస్ కంప్యూటర్లలో రెండు నొక్కుల నడుమ ఎడమునకు సామాన్యముగా అర సెకను గడువు ఉండును. దానిని తగ్గించినచో దోషము పోవునని కొందరు చెప్పుదురు. తొందరపడు వ్రేలికి అది ఉపకరించును. చెడిన మీటకు ఉపకరించుట అరుదు. ఏలయన చెడిన మీట రెండవ నొక్కు, ఏ వ్రేలికిని సాధ్యముకానంత త్వరగా వచ్చును. కొన్ని మౌసులకు మాత్రము తయారీదారులే ఓర్పుకాలమును పెంచుకొను వీలు కల్పించినారు. అట్టిది ఉన్నచో మొదట దానిని ప్రయత్నింపవలెను.

పూచీకాలము మిగిలియున్నచో మౌసును విప్పరాదు, అమ్మినవారికి చూపవలెను. అది గడచినచో మౌసును కంప్యూటరునుండి తీసి, బ్యాటరీ ఉన్న దానినికూడ తొలగించి, వెనుకకు త్రిప్పుడు. మరమేకులు తరచుగా అడుగునున్న జారుడుపట్టీల క్రిందను, కాగితపు చీటి క్రిందను దాగియుండును. పైకప్పును లోపలి తీగలు తెగకుండ మెల్లగా తీసి, మైక్రోస్విచ్ బొడిపె ప్రక్కన, విద్యుత్పరికరముల తాకుడును శుభ్రపరచు ద్రవమునుగాని, ఐసోప్రొపైల్ ఆల్కహాలునుగాని ఒకటిరెండు చుక్కలు మాత్రమే వేసి, బొడిపెను ఏబది అరువదిమారులు నొక్కవలెను. పూర్తిగా ఆరిన పిదపనే తగిలింపవలెను. ఈ ద్రవములు సులభముగా అంటుకొనును గనుక పొయ్యికిని, దీపమునకును దూరముగా పనిచేయవలెను. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె వేయుట మిక్కిలి తప్పు. నూనె దుమ్మును పట్టి, రుగ్మతను పెంచును.

శుభ్రపరచుటవలన కలుగు మేలు కొన్ని వారములుండవచ్చును, కొన్ని నెలలుండవచ్చును. రేకు పట్టు సడలినచో శాశ్వతమైన చికిత్స మీటను మార్చుటయే. దానికి మూడు కాళ్ళు కలవు. సోల్డరింగు తెలిసినవారు పాత మీటను ఊడదీసి, బొడిపె ఏ వైపునకు ఉన్నదో గమనించి, క్రొత్తదానిని అట్లే అతుకగలరు. వేరొక కారణమున మూలపడిన మౌసు ఇంట ఉన్నచో దాని కుడిమీట, ఎక్కువ వాడబడనిది గనుక, సరిపోయిన యెడల ఇచ్చట పనికివచ్చును. రేడియోలు బాగుచేయు నేర్పరికి ఇది కష్టమైన పని కాదు. లోహపు తాకుడుకు బదులు వెలుగురేఖను అడ్డగించి పనిచేయు మీటలుగల మౌసులు కూడ ఇప్పుడు లభించుచున్నవి. వానిలో ఈ రకపు ఎగురుడు పుట్టదు.

చౌకగా దొరకు వస్తువునకు ఇంత శ్రమ యేల యని అడుగవచ్చును. మీట యొక్కటి చెడినంతమాత్రమున మౌసంతయు చెడలేదు. దాని తీగ, వెలుగుకన్ను, చక్రము చక్కగానే యుండును. నిజముగా పనికిరానిదైనను దానిని చెత్తకుండీలో వేయరాదు. విద్యుత్పరికర వ్యర్థములను గూర్చి భారతప్రభుత్వము చేసిన 2022 నాటి నియమములు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. అట్టి వ్యర్థములు నమోదైన సంస్థలకు చేరవలెనని వాని ఉద్దేశము. మౌసును పారవేయుటకు ముందు, అంతకుమించి ఇంటిలోని పెద్దవారి చేతిని నిందించుటకు ముందు, ఇరువది నొక్కుల పరీక్ష ఒక్కటి చేసిచూడుడు. దానికి పట్టునది ఒక నిమిషము మాత్రమే.