ఆదివారం పనివాడు ఎందుకు దొరకడం లేదు?

(సమాఖ్య కార్యకర్తల శిక్షణ తరగతిలో ఇచ్చిన ప్రసంగ పాఠము)



రైల్వే, తపాలా ఉద్యోగుల తరగతిలో హోటలు పనిని గూర్చి మాట్లాడటమేమిటని మీలో కొందరికి తోచవచ్చును. స్టేషను ఎదుటి కాఫీ హోటలులోనో, హెడ్ పోస్టాఫీసు పక్కసందులోని మెస్సులోనో భోజనం చేయనివారు మనలో ఎవరున్నారు? కొన్నేళ్లుగా ఆ గల్లాపెట్టెల వద్ద మనము ఒకే మాట వింటున్నాము: "శని, ఆదివారాలకు మనిషి దొరకడం లేదండీ." దాని వెనుకనే రెండవ మాట కూడా వస్తుంది: "ఈ కాలపు కుర్రవాళ్లకు ఒళ్లు వంగదు." మొదటి మాట నిజము. రెండవది నిజము కాదని మా అభిప్రాయము. ఎందువలన కాదో చెప్పడానికే ఈ ప్రసంగము.

చిన్న హోటలు స్వరూపము మీకు తెలియనిది కాదు. నాలుగైదు బల్లలు, ఒక దోసె మాస్టరు, ఇద్దరు సర్వర్లు, బల్లలు తుడిచి పాత్రలు కడిగే క్లీనరు ఒకరు, గల్లా వద్ద యజమాని, ఆయన లేనప్పుడు ఆయన భార్య. మంగళవారం నాటి రద్దీకి ఈ బలగం చాలుతుంది. ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు చాలదు. మరి ఇద్దరు కావలెను. కాని ఆ ఇద్దరికీ సోమవారం నాడు అక్కడ పని ఉండదు. చిక్కు అంతా ఇక్కడనే ఉన్నది.

ఇందుకు మన రైలే తీసుకువచ్చిన ఉదాహరణ ఒకటి చెప్పెదము. కొత్తవలస–కిరండూల్ మార్గాన్ని 1960వ దశకంలో వేసినది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికై. విహారయాత్రికుల కొరకు కాదు. కాని 2017 ఏప్రిల్‌లో ఆ మార్గంలోని రైలుకు విస్టాడోమ్ అనే అద్దాల పెట్టెను తగిలించిన తరువాత, సొరంగాలను, లోయలను చూస్తూ అరకుకు పోవడం విశాఖవాసులకు పెద్ద ముచ్చట అయినది. కార్తికం మొదలు సంక్రాంతి దాటేవరకు శని, ఆదివారాలలో రైలులోను, ఘాటు రోడ్డు మీదను జనం పోటెత్తుతారు. వారందరికీ మధ్యాహ్నం ఒకే సమయంలో ఆకలి వేస్తుంది. సాయంత్రానికి వారు తిరిగిపోతారు. బుధవారం నాడు అదే హోటలులో ఈగలు తోలుకోవలసినదే.

ఆ రెండు రోజులకు మనుషులు కావలెనని చుట్టుపక్కల గ్రామాలలో అడిగితే ఎవరు వస్తారు? అరకు కొండలలో గిరిజన కుటుంబాలకు కాఫీ తోటలున్నవి. కాఫీ పండ్లు ఎర్రబారి కోతకు వచ్చేది కూడా నవంబరు నుండి సంక్రాంతి రోజులలోనే. పండిన పండు శనివారం వచ్చినదని చెట్టు మీద ఆగదు. సొంత చెట్టు మీది పండును వదలి, రెండు రోజుల కొరకు పరుల పాత్రలు కడగడానికి రాని యువకుడిని బద్ధకస్తుడనుట ఏమి న్యాయము? ఆ రోజులలో అతడు సంవత్సరం మొత్తం మీద అధికంగా కష్టపడుతూ ఉంటాడు.

ఇక పట్టణానికి రండి. లెక్క కొరకు రోజుకు 600 రూపాయల కూలి అనుకుందాము. వారానికి రెండు రోజులు, నెలకు ఎనిమిది రోజులు, వెరసి 4,800 రూపాయలు. ఇందులో నుండి రానుపోను బస్సు ఛార్జీ తీసివేయండి. మిగిలిన దానితో గది అద్దె కట్టి నెల పొడుగునా తిని బ్రతకగలవాడెవడు? తక్కిన ఇరవైరెండు రోజులకు వేరే పని వెతుక్కొనవలెను. కాని ఏ యజమాని అయినా శని, ఆదివారాలు రానని ముందే చెప్పినవానిని పనిలో పెట్టుకొంటాడా? ఆదివారపు పనికి ఒప్పుకొన్నవాడు ఆ రెండు రోజులనే కాక, మిగిలిన అయిదు రోజుల పనిని కూడా పోగొట్టుకొంటున్నాడు. కూలి మాత్రం రెండు రోజులదే.

ఇంగ్లండు వంటి దేశాలలో శనివారపు పని చేసేవారిలో చాలామంది విద్యార్థులు. వారి తిండి, బస తల్లిదండ్రులవి, కూలి చేతిఖర్చుకు. అనగా వారాంతపు ఉద్యోగమనేది మిగిలిన వారమంతా వేరెవరో అన్నం పెడుతున్నారనే నమ్మకం మీద ఏర్పడిన ఉద్యోగము. మన దేశంలో ఇంటర్మీడియెటు చదివే పిల్లవాడికి ఆదివారం కోచింగు క్లాసు. చదువు మానినవాడు ఇంటిని పోషించవలసినవాడు. స్త్రీలు వస్తారు, కాని రాత్రి పదిన్నరకు వంటపాత్రలు కడిగి ముగించేసరికి ఊరికి పోయే చివరి బస్సు వెళ్లిపోయి ఉంటుంది. పనివారిని ఇంటికి చేర్చే ఏర్పాటు చేసిన చిన్న హోటలును మేము ఇంతవరకు చూడలేదు.

వేరెవరో అన్నం పెడతారనే ఈ నమ్మకం తపాలా మిత్రులకు కొత్త కాదు. ఒకప్పుడు ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ అని, ఇప్పుడు గ్రామీణ డాక్ సేవకులని పిలువబడుచున్న వారి ఉద్యోగం దాని మీదనే నిలిచి ఉన్నది. రోజుకు నాలుగు లేక అయిదు గంటల పనికి లెక్కకట్టిన భత్యము. ఉద్యోగంలో చేరాలంటే వేరొక జీవనాధారం ఉండవలెనని నియమము. వారిది సివిల్ పదవియేనని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినా, వారిని క్రమబద్ధమైన సర్వీసుకు వెలుపలనే ఉంచినారు. ప్రభుత్వమే ఇట్లు లెక్క వేసినప్పుడు, కాఫీ హోటలు యజమాని అదే లెక్క వేయడంలో వింత లేదు. తేడా ఒక్కటే: ప్రభుత్వోద్యోగమనే ఆశ మీద అక్కడ మనిషి నిలుస్తాడు; హోటలులో ఆ ఆశ కూడా లేదు.

"మా నాన్నగారి కాలంలో పనివాళ్లకు కొదువ ఉండేది కాదు" అని పాత యజమానుల కుమారులు అంటారు. నిజమే. అప్పుడు పనిచేసినవారెవరో కూడా చెప్పుకొందాము. పది, పన్నెండేళ్ల కుర్రవాళ్లను కరువు పల్లెల నుండి తీసుకువచ్చేవారు. పగలు బల్లలు తుడిచి, రాత్రి అవే బల్లల మీద పడుకొనేవారు. తిండి పెట్టడమే జీతంలో పెద్ద భాగము. వారికి శనివారం లేదు, ఆదివారం లేదు. హోటలే ఇల్లు కనుక ఎప్పుడు పిలిస్తే అప్పుడు పని. బొంబాయి ఉడిపి హోటళ్లలోని పిల్లల కొరకు కన్నడ రాత్రి బడులు నడిచినవి. వాటిలో చదివి పైకి వచ్చినవారున్నారు, వారికి నమస్కారము. కాని ఆ బడులకు పోనివారి సంఖ్యను ఎవరు లెక్కించినారు?

1986 నాటి బాలకార్మిక చట్టం క్రింద 2006 అక్టోబరు 10 నుండి హోటళ్లలో, ధాబాలలో, టీ దుకాణాలలో పదునాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టడం నిషేధించినారు. 2016లో చట్టాన్ని సవరించి, కుటుంబ వృత్తులు మొదలైన కొద్ది మినహాయింపులు తప్ప, అన్ని పనులకూ ఆ నిషేధాన్ని విస్తరింపజేసినారు. అమలులో లోపాలెన్ని ఉన్నా, బడికి పోయే పిల్లలు పెరిగినారు. పాతకాలపు "కొదువ లేకపోవడం" చాలావరకు ఈ పిల్లల మీద నిలిచినది. అది పోయినందుకు మనము విచారించనక్కరలేదు.

పెద్దవారైన పనివారి సంగతి వేరు. ఒరిస్సా, బెంగాలు, అస్సాం, నేపాలు నుండి వచ్చిన యువకులు దక్షిణాది హోటళ్లలో దోసెలు వేస్తున్నారు, పరోటాలు చేస్తున్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ ప్రకటించగానే హోటళ్లు మూతపడినవి. వీరు జీతమూ, బసా ఒక్కరోజున కోల్పోయినారు. శ్రామిక స్పెషల్ రైళ్లలో వారిని ఇళ్లకు చేర్చినది మనమే. ఆ ప్రయాణీకుల ముఖాలను మన గార్డులు, టీటీఈలు, స్టేషను మాస్టర్లు చూసినారు. తిరిగి రాని వారినిగూర్చి "పని చేయడానికి ఇష్టం లేదు" అనడం అన్యాయము.

తిరిగి వచ్చినవారిలో కొందరు మోటారు సైకిళ్లెక్కి ఇంటింటికి ఆహారం చేరవేసే పనిలో చేరినారు. అది బంగారు పని అని మేము అనము. వారిని ఉద్యోగులని ఆ కంపెనీలు ఒప్పుకొనవు, ప్రమాదం జరిగితే దిక్కెవరో తెలియదు. అయినను ఆదివారం అధిక రద్దీ వేళకు అదనపు డబ్బు కొంత ఇస్తారు. వచ్చినన్ని గంటలే పని. హోటలులో మాత్రం ఆరు గంటలకు వచ్చి పదకొండుదాకా, మళ్లీ పన్నెండు నుండి మూడుదాకా, మళ్లీ ఏడు నుండి పదకొండుదాకా. పని పన్నెండు గంటలు, బందీగా ఉండేది పదిహేడు గంటలు. స్ప్లిట్ డ్యూటీ బాధ తెలిసిన మన గేట్‌మన్‌లకు దీనిని విడమరచి చెప్పవలసిన పని లేదు.

రైళ్లు ఆదివారం ఆగవు. అయినను ఆదివారం డ్యూటీకి మనిషి దొరకలేదని ఏ రైల్వే డివిజనూ పత్రికలలో మొరపెట్టుకొనలేదు. ఎందుకు? మన ఆదివారానికి నెల జీతం వెనుక ఉన్నది, రోస్టరు ముందే గోడ మీద ఉన్నది. 1989 రైల్వే చట్టం ప్రకారం 'కంటిన్యుయస్' వర్గపు ఉద్యోగికి వారానికి ఏకబిగిన 30 గంటల విశ్రాంతి ఇవ్వవలెను. ఆ విశ్రాంతి మాటలతో రాదు గనుక 'రెస్ట్ గివర్' అనే ఉద్యోగిని నియమించినారు. అతడు ఒకనాడు ఒక స్టేషనులో, మరునాడు ఇంకొక స్టేషనులో ఇతరులను విడుదల చేస్తాడు. తనకు మాత్రం నిండు నెల ఉద్యోగము, నిండు జీతము. ఖాళీలు నింపక, రెస్ట్ గివరును కూడా నిత్య డ్యూటీకి వాడుకొంటున్న చోట్లున్నవని మాకు తెలియును. అది వేరే తగవు. సూత్రం మాత్రం సరియైనది.

ఈ సూత్రం మనకు దానంగా రాలేదు. బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారపు సెలవు లభించినది 1890 జూన్ 10న. దానికై పోరాడిన నారాయణ మేఘాజీ లోఖండే చిత్రంతో 2005లో తపాలా శాఖ స్టాంపు విడుదల చేసినది. మీలో చాలామంది చేతులమీదుగా ఆ స్టాంపు అమ్ముడైనది. రెస్టారెంటు పనివారికి వారంలో ఒక పూర్తి దినము సెలవు ఇవ్వవలెనని 1942లోనే చట్టం చేసినారు, అయితే దానిని అమలు పరచే ప్రకటనను రాష్ట్రాల ఇష్టానికి వదలినారు. హోటలు కార్మికుల పని పరిస్థితులపై 1991లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 172వ ఒడంబడికను భారతదేశం ధ్రువీకరించలేదు. 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన కార్మిక స్మృతులలో, వారానికి ఆరు రోజులకు మించి పని చేయించరాదనే నిబంధన ఉన్న వృత్తిభద్రతా స్మృతి సాధారణంగా పదిమంది, అంతకుమించి పనివారున్న సంస్థలకే వర్తిస్తుంది. మనము చెప్పుకొన్న నాలుగైదు బల్లల హోటలు దాని గుమ్మం బయటనే ఉండిపోతుంది. రాష్ట్రాల దుకాణాల చట్టాలే దానికి దిక్కు; 2017లో మహారాష్ట్ర చేసిన చట్టం కూడా పదిమంది లేని చోట్లను చాలా నిబంధనల నుండి తప్పించినది.

చిన్న యజమానిని మనము శత్రువుగా చూడనక్కరలేదు. గ్యాసు సిలిండరు ధర, గది అద్దె, ఆన్‌లైన్ ఆర్డర్లపై కంపెనీలు కోసుకొనే కమీషను అతని మెడ మీద ఉన్నవి. చాలాచోట్ల అతడూ, అతని భార్యా జీతం లేని ఆదివారపు పనివారే. నిండు నెల జీతానికి ఇంకొక ఇద్దరిని పెట్టమంటే తలుపులు మూసుకొంటాడు. అయిదారు హోటళ్లవారు కలిసి మనుషులను పెట్టుకొంటే ఎట్లుండునని కొందరు మిత్రులు అడిగినారు. అందరికీ రద్దీ ఆదివారమే గనుక అది సగం దారి మాత్రమే. అందరి పనివారికీ వారపు సెలవులు వేరువేరు పనిరోజులలో పెట్టి, సోమవారం నుండి గురువారం వరకు ఆ సెలవు ఖాళీలను నింపే పనిని, శని, ఆదివారాలలో రద్దీ పనిని, ఒకే మనిషికి అప్పగిస్తే ఆరు రోజుల ఉద్యోగం ఏర్పడుతుంది, శుక్రవారం అతనికి విశ్రాంతి. మన రెస్ట్ గివరు లెక్కయే ఇది. ఇందులో ఒక షరతు ఉన్నది: ఇప్పుడు సెలవే లేని పాత పనివారికి ముందుగా సెలవు ఇవ్వవలెను. చాలామంది యజమానులు ఇక్కడనే ఆగిపోతారు.

హోటలు పనిలో మనిషి నిలువడనేది మాత్రం అబద్ధము. కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేసినప్పుడు, ఏ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో 1957, 1958 సంవత్సరాలలో ఆ కార్మికులే సహకార సంఘాలు పెట్టుకొని ఇండియన్ కాఫీ హౌసులను నడిపినారు. తలపాగా పెట్టుకొన్న ఆ సర్వర్లు అక్కడనే తల నెరిసినవారు. మన రైల్వే క్యాంటీన్ల కార్మికులను రైల్వే ఉద్యోగులుగా పరిగణించవలెనని 1990లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన తరువాత, వారిలో ఆదివారం డ్యూటీ ఎగవేసి పారిపోయినవారెవరు?

కాని మన రన్నింగు రూములలో నేడు చాలాచోట్ల వంటవారు, బేరర్లు కాంట్రాక్టు క్రింద ఉన్నారు. లోకో పైలటు అర్ధరాత్రి దిగి భోంచేసే రొట్టె చేసినవారు వారే. వారికి వారంలో ఏ రోజు సెలవు, సెలవునాడు ఎవరు వంట చేస్తారు, కూలి ఎన్ని రోజులకు ఇస్తున్నారు అనే మూడు ప్రశ్నలకు మన శాఖలలో ఎన్ని జవాబు చెప్పగలవు? ప్రతి శాఖా కార్యదర్శి తమ పరిధిలోని రన్నింగు రూము, క్యాంటీను, రిఫ్రెష్‌మెంటు స్టాలు పనివారిని స్వయంగా కలిసి, ఈ వివరాలు వ్రాసి తదుపరి సర్వసభ్య సమావేశానికి తేవలెనని కోరుచున్నాము. కాంట్రాక్టరు ఇచ్చిన రిజిస్టరు నకలు చాలదు.