కదిలే మిషనుకు వైరింగు



పల్నాడులో మోటారు వైరింగు తెలియని ఊరు లేదు. కాలువ నీళ్లందని పొలాల్లో బోర్లు, పిడుగురాళ్ల సున్నపు మిల్లులు, మాచర్ల వైపు నాపరాయి కోసి పాలిష్ పట్టే యూనిట్లు, జిన్నింగు మిల్లులు, అన్నింటి వెనకా మనవాళ్ల చెయ్యే ఉంది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో విద్యుత్ ప్రభల మీద బల్బులు తెల్లవార్లూ ఆరకుండా చూసేదీ మనమే. అందుకని కరెంటు సంగతి మీకు మొదట్నుంచీ చెప్పక్కర్లేదు. సొంతంగా కట్టుకునే సీఎన్‌సీ మిషను దగ్గర మాత్రం మన అలవాటు ఒకటి అడ్డొస్తుంది. వైరు కొనేటప్పుడు ‘ఎన్ని ఆంపియర్లు లాగుతుంది?’ అని అడుగుతాం. ఈ మిషనుకు ముందుగా అడగాల్సింది ‘ఈ వైరు తెగితే ఏమవుతుంది?’ అని.

అసలీ మిషను మనకెందుకంటారా? అమరావతి స్తూపానికి వాడింది పల్నాటి సున్నపురాయే. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో జనం నిలబడి చూసేది మన రాయినే. నాగార్జునకొండ శిల్పాలదీ అదే రాయి. దుర్గి శిల్పులు ఇప్పటికీ ఉలి పట్టుకునే ఉన్నారు, వారి పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ ఉలిని పక్కన పెట్టమని నేననను. పైపై రాయి తీసేయడం, శిలాఫలకాల మీద అక్షరాలు, తలుపు చెక్కల మీద లతలు మిషనుకు వదిలేస్తే, కళ్లూ పెదవులూ తీర్చడానికి శిల్పి చేతికి టైము మిగులుతుంది. లక్షలు పోసి కొనలేని కుర్రాళ్లు సొంతంగా కట్టుకుంటున్నారు: అల్యూమినియం ప్రొఫైళ్లు, లీనియర్ రైళ్లు, బాల్ స్క్రూలు, నేమా 23 స్టెప్పర్ మోటార్లు, ఒక ఆర్డ్యూనో బోర్డు. డబ్బంతా రైళ్లకూ స్పిండిల్‌కూ పోయి, వైరు దగ్గరకొచ్చేసరికి ఇంట్లో మిగిలిన చుట్టతో కానిచ్చేస్తున్నారు. నా బాధ అక్కడే.

వైరు లావు సంగతి త్వరగా తేల్చేద్దాం. బోరు ఎంత లోతైతే కేబుల్ అంత లావు వేస్తాం, వోల్టేజి పడిపోకుండా. ఇక్కడ ఆ భయం లేదు. నేమా 23 మోటారు 4 ఆంపియర్లు తీసుకుంటుందనుకోండి. ముప్పావు వైరు, అంటే 0.75 చదరపు మిల్లీమీటర్లది, పోనూ రానూ 6 మీటర్లు పడితే దాని నిరోధం 0.16 ఓములు. పడేది ముప్పావు వోల్టు కూడా కాదు. పైగా స్టెప్పర్ డ్రైవరు కరెంటును కోసి కోసి ఇస్తుంది. మోటారు మీద 3 వోల్టులని రాసున్నా 36 వోల్టుల సప్లై పెట్టేది అందుకే. మనం సెట్ చేసిన ఆంపియర్లు వెళ్లేదాకా అదే తోస్తుంది, ఆ కాస్త నష్టం దానికి లెక్కలోకి రాదు. నేమా 23కి ముప్పావు, చిన్న నేమా 17కి అర సరిపోతాయి. ఒకటిన్నర వైరు తెచ్చి బలంగా చేశామనుకోవద్దు. కదిలే వైర్లను మోసే కేబుల్ చైనులో లావు వైరు వంగనని మొండికేస్తుంది.

అసలు చిక్కు వంగడంతోనే. బోరులో దింపిన కేబుల్ మళ్లీ మోటారు పైకి లాగేదాకా కదలదు. గోడలో వేసిన వైరు ఇల్లు కూల్చేదాకా కదలదు. సీఎన్‌సీలో ఎక్స్ యాక్సిస్ వైరు నిమిషానికి ఎన్నోసార్లు వంగి లేస్తుంది, రోజంతా అదే పని. బైండింగ్ వైరును అటూ ఇటూ వంచి తెంపుతాం చూడండి, లోపల రాగికి జరిగేది అదే. పోగు ఎంత సన్నదైతే, అదే వంపులో దాని పై పొర అంత తక్కువ సాగుతుంది, అంత ఎక్కువకాలం బతుకుతుంది. మన ఇళ్లలో వాడే 1 చదరపు మిల్లీమీటరు వైరులో సాధారణంగా 0.3 మిల్లీమీటర్ల పోగులు 14 ఉంటాయి. ముప్పావు ఫ్లెక్సిబుల్‌లో 0.2 మిల్లీమీటర్లవి 24. కేబుల్ చైను కోసమే చేసిన వైరులో పోగు 0.1 మిల్లీమీటరు, ఒక్కోసారి అంతకన్నా సన్నం. గోడల్లో వేసే ల్యాన్ కేబుల్లో ఒక్కో వైరుకు ఉండేది అర మిల్లీమీటరు ఒంటి పోగు. అది చవగ్గా దొరుకుతుందని లిమిట్ స్విచ్‌లకు లాగేస్తున్నారు. కదలని చోట దానికి వంక పెట్టను. కదిలే చోట మాత్రం వద్దంటే వద్దు.

తెగిన వైరు తెగినట్టు కనబడితే ఇంత చెప్పాల్సిన పని లేదు. మిషను ఎడమ చివర చక్కగా నడుస్తుంది, కుడి చివరకొచ్చేసరికి మోటారు గుర్రుమని వణుకుతుంది, చెక్కే అక్షరం పక్కకు జరిగిపోతుంది. డ్రైవరు మారుస్తారు, మోటారు మారుస్తారు, అయినా అదే తంతు. తొడుగు మీద గీత కూడా ఉండదు. అప్పుడు కరెంటు పూర్తిగా ఆపి, వైరు రెండు కొసలూ ఊడదీసి, మీటరు బజరు మోడులో పెట్టి, గ్యాంట్రీని చేత్తో మెల్లగా జరపండి. చైను వంపు ఒకచోటికి రాగానే బజరు ఠక్కున ఆగుతుంది, ఇంకాస్త జరిపితే మళ్లీ మోగుతుంది. లోపల రాగి తెగి, కొసలు తొడుగులోనే ఆనుకుంటూ విడిపోతూ ఉన్నాయన్నమాట. కరెంటు ఉండగా ఇలా విడిపోతే కాయిల్ వెనక్కి తన్నే వోల్టేజికి డ్రైవరు కాలిపోవచ్చు. మిషను ఆన్‌లో ఉండగా స్టెప్పర్ ప్లగ్గు పీకొద్దనేది కూడా ఇందుకే.

చైను కొనేటప్పుడు దాని మీద ఆర్ అక్షరం పక్కన ఉన్న అంకె చూడండి, అది వంపు వ్యాసార్ధం. కేబుల్ లావుకు పది రెట్లు ఉంటే నిశ్చింత. 38 ఉన్న చైనులో 8 మిల్లీమీటర్ల కేబుల్ కుక్కితే దాని ఆయుష్షు మనమే తగ్గించినట్టు. చైను నిండా వైర్లు దట్టించకండి, మెలి పడనివ్వకండి, రెండు కొసల దగ్గరా కేబుల్‌ను క్లాంపుతో బిగించండి. కొసలకు సీసం పోసి స్క్రూ కింద బిగించే అలవాటు కూడా మానుకోవాలి. సీసం నానిన చోట పోగులన్నీ కలిసి ఒంటి కమ్మీ అవుతాయి, సరిగ్గా అది ఆగిన చోటే వైరు విరుగుతుంది. క్రింపు చేసే గొట్టపు లగ్గులు వాడండి.

ఇక స్విచ్‌లు. ఇక్కడ మన పాత స్టార్టరే గురువు. డీఓఎల్ స్టార్టరు విప్పితే ఆకుపచ్చ బటన్ నార్మల్లీ ఓపెన్, ఎర్ర బటన్ నార్మల్లీ క్లోజ్డ్. ఎర్ర బటన్ వైరు ఎలుక కొరికినా మోటారు ఆగుతుందే తప్ప ఆగకుండా తిరగదు. లిమిట్ స్విచ్‌లకూ అదే న్యాయం. నార్మల్లీ ఓపెన్‌గా కలిపితే వైరు తెగిన సంగతి గ్యాంట్రీ వెళ్లి ఫ్రేముకు గుద్దుకున్నాక తెలుస్తుంది. నార్మల్లీ క్లోజ్డ్‌గా కలిపితే తెగిన క్షణంలోనే మిషను ఆగుతుంది. ఆర్డ్యూనోలో జీఆర్‌బీఎల్ ప్రోగ్రాము వాడేవాళ్లు 5వ నంబరు సెట్టింగు 1 చేయాలి, 21వ నంబరుతో హార్డ్ లిమిట్లు ఆన్ చేయాలి. రాతి పనికి మైక్రోస్విచ్ కన్నా ఇండక్టివ్ ప్రాక్సిమిటీ మేలు. సున్నపు బురద దాని లోపలికి పోదు. బ్రౌన్ ప్లస్, బ్లూ మైనస్, బ్లాక్ సిగ్నలు. నార్మల్లీ క్లోజ్డ్ రకమే అడిగి తీసుకోండి.

ఎమర్జెన్సీ బటన్ ఆర్డ్యూనోకు కబురు పంపేదిగా ఉంటే చాలదు. అది కాంటాక్టరు కాయిల్‌ను విడదీసి, స్పిండిల్‌కూ డ్రైవర్లకూ కరెంటు నిజంగా తీసేయాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు ఎవరో ఒకరు ఆకుపచ్చ బటన్ నొక్కితేనే మళ్లీ మొదలవ్వాలి. పొలం దగ్గర ఆటో స్టార్టరు ఎంత సుఖమో నాకు తెలుసు. బిట్టు దగ్గర మనిషి చెయ్యి ఉండే మిషనుకు అది పెట్టొద్దు.

ఇక బోర్డు దగ్గరకొద్దాం. 1952లో అమెరికాలోని ఎంఐటీ మొదటి న్యూమరికల్ కంట్రోల్ మిల్లింగ్ మిషనును చూపించినప్పుడు దాని కంట్రోల్ నిండా వాక్యూమ్ ట్యూబులే. ఆ పని ఇవాళ అరచేతిలో పట్టే బోర్డు చేస్తోంది. ఆ బోర్డు లిమిట్ స్విచ్ వైరులో పంపేది 5 వోల్టుల దగ్గర 0.1 నుంచి 0.25 మిల్లీ ఆంపియర్లు. దాని పక్కనే స్పిండిల్ వైరు. స్పిండిల్‌కు కరెంటిచ్చే వీఎఫ్‌డీ సెకనుకు వేలసార్లు కరెంటును కోస్తూ, 400 హెర్ట్జ్‌తో స్పిండిల్‌ను నిమిషానికి 24,000 చుట్లు తిప్పుతుంది. ఆ కోతల వల్ల పుట్టే విద్యుత్ రొద స్విచ్ వైరులోకి దూకితే, ఎవరూ ముట్టకపోయినా మిషను లిమిట్ తగిలిందని ఆగిపోతుంది. స్పిండిల్‌కు షీల్డు ఉన్న 4 కోర్ కేబుల్ వేసి, షీల్డును రెండు కొసలా ఎర్తు చేయండి. స్విచ్ కేబుల్ షీల్డును బోర్డు వైపు ఒక్క కొసే కలపండి. రెండింటినీ జానెడు పైనే ఎడంగా నడపండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. అన్నిటికన్నా గట్టి మందు, స్విచ్‌లను 24 వోల్టుల మీద ఆప్టోకప్లర్ ద్వారా బోర్డుకు కలపడం. వైరులో 10 మిల్లీ ఆంపియర్లు నడుస్తుంటే చిన్నాచితకా రొదకు అది లొంగదు.

ఎర్తు గురించి గట్టిగా చెప్తాను, ఎందుకంటే రాతి పనిలో నీళ్లు పోస్తూ చెక్కుతాం. మన నేల రాతి నేల, ఎండాకాలం ఎర్తు గుంత ఎండిపోతే అది పేరుకే ఎర్తు. గుంతలో నీళ్లు పోస్తూ ఉండండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టండి. వీఎఫ్‌డీ ఫిల్టరు ఎప్పుడూ కాస్త కరెంటును ఎర్తులోకి వదులుతుంది, అందుకని ఆర్‌సీసీబీ ఒక్కోసారి ఊరికే పడిపోవచ్చు. విసుగొచ్చి దాన్ని తప్పించి డైరెక్టు ఇచ్చేయకండి, వీఎఫ్‌డీకి సరిపడే రకం తెచ్చి మార్చండి.

చవక స్పిండిళ్లలో ఇంకో ప్రమాదముంది. ప్లగ్గులో నాలుగో పిన్ను ఉంటుంది. మనం ఎర్తు వైరు దానికి కలిపి నిశ్చింతగా ఉంటాం. చాలావాటిలో ఆ పిన్ను లోపల బాడీకి కలిపి ఉండదు. ఆ టేబుల్ మీద రెండు స్పిండిళ్లు పెట్టించాను. మీటర్లు తెచ్చుకున్నవాళ్లు ముందుకు రండి. ఒక మొన నాలుగో పిన్ను మీద, ఇంకొకటి పెయింటు లేని బాడీ మీద పెట్టి చూడండి. బజరు మోగనిదాన్ని విప్పి లోపల ఎర్తు ఎలా కలపాలో ఇక్కడే చేసి చూపిస్తాను.