బయట మంచు, ఇంట్లో కుక్క: ఎలా ఆడించాలి?

షికాగో, మినియాపొలిస్ లాంటి ఊళ్ళలో ఉన్న మనవాళ్ళ కోసం ఈ ఎపిసోడ్. జనవరిలో బయట మైనస్ 15 డిగ్రీలుంటే, అపార్ట్‌మెంట్‌లో కుక్కని ఎలా ఆడించాలి?

ఉన్నట్టుండి సోఫా కొరుకుతోందంటే అది పొగరు కాదండీ, చాలాసార్లు విసుగే. కాబట్టి దానికి పని పెట్టండి. డాగ్ ఫుడ్ గిన్నెలో పొయ్యకుండా, పాత టవల్‌లో చల్లి చుట్ట చుట్టి ఇవ్వండి. ముక్కుతో వెతుక్కుని తింటుంది. పది నిమిషాలు అలా వాసన పట్టి వెతికితే బాగానే అలిసిపోతుంది. అలవాటయ్యాక గదుల్లో దాచండి. ఇదంతా రోజూ పెట్టే కొలతలోంచే తియ్యాలి, లేకపోతే చలి తగ్గేసరికి బరువు పెరుగుతుంది. పీనట్ బటర్ నాకిస్తుంటే డబ్బా మీద జైలిటాల్ ఉందేమో చూడండి. అది కుక్కలకి విషం.

పిల్లికి లేజర్ లైట్ ఒక్కటే చాలదు. ఎంత వేటాడినా ఏమీ చిక్కకపోతే దానికీ చిరాకే కదా! చివర్లో ఒక బొమ్మ దొరకనిచ్చి, అప్పుడు తిండి పెట్టండి.

ఇంకో ముఖ్యమైన మాట. రోజూ గెంతే కుక్క ఆటకి రాకపోతే చలికి బద్ధకం అనుకోకండి. కీళ్ళ నొప్పులు చలిలోనే ఎక్కువ బయటపడతాయి. వెట్‌కి చూపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.