నౌకాదళ వైమానికుడు వార్న్‌ఫర్డు
(పఠనమందిర సభలో చేసిన ఉపన్యాసము)



యుద్ధవీరుల చరిత్రలు మనకు సాధారణముగా పతకముల పట్టికలుగనే చేరుచున్నవి. రెజినాల్డు వార్న్‌ఫర్డు కథయు అట్టిదే: జెప్పెలినును కూల్చెను, విక్టోరియా క్రాసు పొందెను, మరణించెను. ఈ మూడు మాటల నడుమ జారిపోయిన సంగతులు కొన్ని గలవు. న్యాయస్థానములలో తిరుగు మావంటివారికి అవియే ముఖ్యసాక్ష్యములుగా తోచుచున్నవి.

ఆతడు 1891 అక్టోబరులో డార్జిలింగున జన్మించెను. తండ్రి ఆంగ్లేయుడు, రైల్వే ఇంజనీరు. ఇచ్చట పుట్టినంతమాత్రమున ఆతనిని మనవాడని చెప్పుకొనుట మా ఉద్దేశము కాదు. యౌవనమున బ్రిటిషిండియా కంపెనీ పొగయోడలలో కొలువు చేసెను. ఆ కంపెనీ యోడలు మన కాకినాడ, విశాఖ రేవులకును వచ్చుచుండెడివి. యుద్ధము రాగా మొదట కాల్బలమున చేరి, 1915 ఫిబ్రవరిలో నౌకాదళ వైమానిక శాఖకు మారెను. మే మాసమునకు డంకర్కు స్థావరమున నుండెను.

ఆ మే 31వ తేది రాత్రియే జెప్పెలిను మొదటిసారి లండను నగరముపై బాంబులు విడిచినది. ఏడుగురు మృతి చెందిరి. నిద్రించు పురజనులపై ఆకాశమునుండి అగ్ని కురియుట ఆనాటికి క్రొత్త వింత. నేటికి వింత కాకపోవుటయే మన దురదృష్టము. అయిదువందల అడుగులకు మించిన పొడవుగల ఆ వాయునౌక బరువు విడిచినచో క్షణములో పైకెగయును. ఆనాటి విమానము దానిని అందుకొనలేదు.

జూన్ 7వ తేది తెల్లవారుజామున వార్న్‌ఫర్డు ఒంటరిగా మొరాను విమానమున ఎల్.జెడ్. 37 అను నౌకను సముద్రతీరమునుండి ఘెంటు పట్టణమువరకు తరిమెను. అది మరతుపాకులు కాల్చగా వెనుకకు తగ్గి, 11,000 అడుగులవరకు ఎక్కి, యంత్రము నాపి, చప్పుడు లేకుండ దానిపైకి దిగి బాంబులు విడిచెను. నౌక మొదటినుండి తుదివరకు మండెను. ఆ ప్రేలుడునకు ఆతని విమానము తలక్రిందులై, పెట్రోలు గొట్టము తెగెను. జర్మనుల యధీనమందున్న నేలపై, పొగమంచులో, ఒక అడవి ప్రక్కన దిగవలసివచ్చెను.

లోకము బాంబును పొగడినది. మేము ఆ తరువాతి ఘడియను పొగడుదుము. శత్రువు చేజిక్కకుండ విమానమును తగులబెట్టుటకు సన్నాహము చేసికొనియు, ఎవ్వరును రాకపోవుట గమనించి, ఆతడు గొట్టమును బాగుచేయ కూర్చుండెను. సాయమెవ్వరును లేక తానొక్కడే యంత్రమును త్రిప్పి కదిలించుకొనెను. పతకపు ప్రశస్తిలో ఇందులకు 15 నిమిషములు పట్టెనని గలదు. ఆతని స్వంత నివేదిక ప్రకారము 35 నిమిషములు. ప్రభుత్వపత్రముకంటె కర్త వాఙ్మూలమునే మేము నమ్ముదుము. తన కష్టమును పెంచి చెప్పుకొను స్వభావము ఆ నివేదికలో మరెచ్చటను కానరాదు.

ఇక ఆ ప్రశస్తి బొత్తిగా చెప్పని సంగతి యొకటి. మండుచు కూలిన నౌక ఘెంటు శివారున సన్యాసినుల ఆశ్రమముపై పడి, క్రిందివారిని గూడ బలిగొన్నది. నౌకలోనివారిలో చుక్కాని పట్టినవా డొక్కడు బ్రతికెను. ఇందు వార్న్‌ఫర్డు దోషము లేదు. చీకటిలో అంత యెత్తున నున్నవానికి క్రింద నెవరు నిద్రించుచున్నారో తెలియదు. అయినను లండనులో చచ్చిన ఏడుగురి లెక్క వ్రాసినవారు ఈ లెక్కయు వ్రాయవలసియుండెను.

రాజుగారి తంతి వెంటనే వచ్చెను. జూన్ 17వ తేదిని ఫ్రెంచి సేనాని జోఫ్రు ఆతనికి లీజియన్ ఆఫ్ ఆనరు ప్రసాదించెను. ఆ దినముననే బ్యూక్ విమానరంగమున, దళమునకు చేర్పవలసిన క్రొత్త విమానమును పరీక్షించుచు, హెన్రీ బీచ్ నీధాం అను అమెరికా పత్రికారచయితను వెంట నెక్కించుకొని లేచెను. సుమారు 200 అడుగుల యెత్తున కుడిరెక్కలు విరిగినవి. ఇద్దరును క్రిందపడి మరణించిరి. వార్న్‌ఫర్డునకు అప్పటికి 23 యేండ్లు. జూన్ 21వ తేదిని లండనులోని బ్రాంప్టను శ్మశానమున ఆతనిని ఖననము చేసిరి.