ఆరింటికి ఆగే క్లబ్బు

ఆస్ట్రేలియాలో చాలా ఊళ్లలో ఆర్‌.ఎస్‌.ఎల్‌. క్లబ్బులు కనిపిస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1916లో పెట్టుకున్న సంఘమే వీటికి మూలం. ఇప్పుడు ఊళ్లో వాళ్లూ వస్తారు. ఒక రకంగా మన రచ్చబండే, చేతిలో బీరు గ్లాసు అదనం. అక్కడ లాటరీ తగిలినవాడికి బహుమతి ఏమిటనుకున్నారు? పళ్లెం నిండా పచ్చిమాంసం! జూదపు మిషన్ల మీద వచ్చే డబ్బుతో నడిచే క్లబ్బులూ ఉన్నాయి. అది నాకు మింగుడుపడదు.

ఈ క్లబ్బుల్లో చాలాచోట్ల సాయంత్రం ఆరింటికి లైట్లు తగ్గిస్తారు. నోటి దాకా వచ్చిన ఫోర్కు ఆగిపోతుంది. అందరూ లేచి నిలబడితే, యుద్ధంలో చనిపోయిన సైనికుల గురించి ఆంగ్ల కవి లారెన్స్ బిన్యన్ 1914లో రాసిన కవితలోంచి నాలుగు పంక్తులు వినిపిస్తాయి. ఒక్క నిమిషం నిశ్శబ్దం. మళ్లీ గోల.

1915లో ఆస్ట్రేలియా సైనికులు టర్కీలోని గలిపొలి తీరాన దిగిన రోజు గుర్తుగా ఏప్రిల్ 25న తెల్లవారకముందే నివాళి. ఆపైన క్లబ్బులో నాణేలు ఎగరేసే టూ-అప్ పందెం. న్యూ సౌత్ వేల్స్‌లో దాదాపు అంతటా మామూలు రోజుల్లో ఈ పందెం నిషిద్ధం.

పిల్లల దగ్గరికి సిడ్నీ వెళ్లే పెద్దలకు ఒక మాట: అక్కడి క్లబ్బులో భోంచేస్తుండగా ఆరైతే, ప్లేటు వదిలి మీరూ లేచి నిలబడండి.